పంతుళ్ల పెద్ద చదువు

1839 జులై 3న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, లెక్సింగ్టన్ అనే ఊళ్లో ఒక కొత్త బడి తెరిచారు. మొదటిరోజు చేరింది ముగ్గురే ముగ్గురు అమ్మాయిలు. వాళ్లకు పాఠాలు చెప్పడానికి ఉన్నది సైరస్ పియర్స్ అనే ఒకే ఒక్క మాస్టారు. పిల్లలకు చదువు చెప్పడం ఎలాగో నేర్పేందుకు ప్రభుత్వం ఆ దేశంలో పెట్టిన మొట్టమొదటి బడి అది. దాన్ని నార్మల్ స్కూలు అనేవారు. అంతకుముందు నాలుగు అక్షరాలు వచ్చి, ఊరి పెద్దలకు నచ్చితే చాలు, పంతులు ఉద్యోగం దొరికేది.

పంతులు కావడానికి చదవాలన్న మాట అలా కుదురుకుంది. పంతులైన తర్వాత కూడా చదవాలన్న మాట కుదురుకోవడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది.

బోధన అనేది విశ్వవిద్యాలయంలో చెప్పదగిన విషయమేనా అని పెద్ద పెద్ద ప్రొఫెసర్లకే అనుమానం. 1879లో మిషిగన్ విశ్వవిద్యాలయం ధైర్యం చేసి బోధనా శాస్త్రానికి ఒక ఆచార్య పదవిని పెట్టింది. ఆ కుర్చీలో కూర్చున్న విలియం పేన్ అంతకుముందు ఏడ్రియన్ అనే ఊళ్లో బడులన్నిటికీ సూపరింటెండెంటు. బడులను పర్యవేక్షించడం మీద 1875లోనే పుస్తకం రాసినవాడు. అంటే తరగతి గదిలో పాఠం చెప్పేవాళ్లకే కాదు, బడిని నడిపేవాళ్లకూ చదువు కావాలన్న ఆలోచన మొదట్నుంచీ ఉంది.

ఆ ఆలోచనకు పెద్ద ఇల్లు న్యూయార్క్‌లో దొరికింది. గ్రేస్ డాడ్జ్ బాగా కలిగిన కుటుంబంలో పుట్టిన మనిషి. పేద ఆడపిల్లలకు ఇంటిపనీ చేతిపనులూ నేర్పే సంఘాలతో మొదలుపెట్టి, వాళ్లకు నేర్పేవాళ్లకే సరైన శిక్షణ లేదని గ్రహించారు. 1887లో నికొలస్ మర్రే బట్లర్‌తో కలిసి ఆమె మొదలుపెట్టిన శిక్షణ సంస్థే తర్వాత టీచర్స్ కాలేజీ అయింది. 1898లో అది కొలంబియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. ఆ రెంటికీ మధ్య ఉన్నది 120వ నంబరు వీధి ఒక్కటే. అయినా ప్రపంచంలో అంత వెడల్పాటి వీధి మరొకటి లేదని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. అటువైపు తత్వశాస్త్రం, సాహిత్యం చెప్పేవాళ్లకు ఇటువైపు పంతుళ్ల చదువంటే అంత చులకన. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్పు మీద వెళ్లిన అంబేడ్కర్ చదివింది అటువైపే. ఆయన గురువు జాన్ డ్యూయీ మాత్రం వీధి దాటి వచ్చి పంతుళ్లకూ పాఠాలు చెప్పేవారు.

1905లో ఈ కాలేజీ నుంచి డాక్టరేట్ పుచ్చుకున్న ఇద్దరు, జార్జ్ స్ట్రేయర్, ఎల్‌వుడ్ కబ్బర్లీ, బడి పాలనను ఒక శాస్త్రంగా నిలబెట్టారు. బడ్జెట్టు, భవనాలు, పంతుళ్ల నియామకం, పిల్లల హాజరు అన్నీ పాఠాలయ్యాయి. స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసరైన కబ్బర్లీ 1916లో రాసిన పుస్తకంలో బడిని ఫ్యాక్టరీతో పోల్చాడు; అందులో పిల్లలు ముడిసరుకు. ఆ పోలిక మీద విద్యావేత్తలు నేటికీ ఆయన్ను తప్పుపడుతూనే ఉన్నారు. 1920లో హార్వర్డ్ కూడా విద్యలో డాక్టరేట్ ఇచ్చే ప్రత్యేక శాఖను తెరిచింది. ఆ విశ్వవిద్యాలయంలో ఆడవాళ్లకు డిగ్రీ ఇవ్వడానికి ముందుకొచ్చిన మొదటి శాఖ అదే.

ఇంత జరిగినా మామూలు టీచరమ్మకు ఈ చదువుతో పనేమిటి? ఆ ప్రశ్నకు జవాబు 1921లో డెన్వర్, డి మొయిన్ నగరాల నుంచి వచ్చింది. అప్పటిదాకా హైస్కూలు మాస్టారుకు ఒక జీతం, ప్రాథమిక పాఠశాల టీచరుకు అంతకంటే తక్కువ. మగవాళ్లకు ఎక్కువ, ఆడవాళ్లకు తక్కువ. ఈ రెండు నగరాలూ ఆ తేడాలు తీసేసి ఒకే జీతాల పట్టిక పెట్టాయి. చూసేవి రెండే: ఎంత చదివారు, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు. తర్వాతి ముప్పై ఏళ్లలో ఈ పద్ధతి దేశమంతా పాకింది. బి.ఎ. ఉంటే ఒక మెట్టు, దాని మీద కొన్ని కోర్సులు చేస్తే ఇంకో మెట్టు, ఎం.ఎ. ఉంటే మరోటి. వేసవి సెలవులు రాగానే టీచర్లు పెట్టె సర్దుకుని విశ్వవిద్యాలయాలకు బయల్దేరడం మామూలైపోయింది.

చదువు జీతమైంది, హోదా అయింది, హెడ్మాస్టరు కుర్చీ అయింది. అందుకే ఆ తరగతి గదిలోకి ఎవరిని రానిస్తారన్నది పెద్ద పోరాటమైంది.

దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి టీచర్లకు బడులు వేరు, జీతాలు వేరు. సెప్టిమా క్లార్క్ 1916లో, పద్దెనిమిదేళ్ల వయసులో, సౌత్ కరొలైనాలోని జాన్స్ ఐలండ్ అనే దీవిలో ఉద్యోగంలో చేరారు. ఆమె, మరో టీచరు కలిసి 132 మంది పిల్లలకు పాఠాలు చెప్పేవారు. క్లార్క్ జీతం నెలకు 35 డాలర్లు. దగ్గర్లోని తెల్లవాళ్ల బడిలో ముగ్గురు పిల్లలకు ఒక టీచరు. ఆమెకు 85 డాలర్లు.

పై చదువుల తలుపులూ వీళ్లకు మూసే ఉండేవి. 1935లో ఆలిస్ జాక్సన్ అనే యువతి ఫ్రెంచిలో ఎం.ఎ. చేస్తానని వర్జీనియా విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెడితే తిరస్కరించారు. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది: నల్లజాతి విద్యార్థులు బయటి రాష్ట్రంలో చదువుకుంటే అదనంగా అయ్యే ఖర్చు ప్రభుత్వమే ఇస్తుంది. తమ గదిలో కూర్చోనివ్వకుండా ఉండటానికి చెల్లించిన మూల్యం అది. జాక్సన్ ఆ డబ్బుతో కొలంబియాకు వెళ్లి 1937లో ఎం.ఎ. పూర్తిచేశారు. 1938లో గెయిన్స్ కేసులో సుప్రీంకోర్టు ఇలా బయటికి పంపడం చెల్లదని చెప్పినా, పంపడం మానలేదు. న్యూయార్క్ వేసవి తరగతులకు దక్షిణాది నల్లజాతి టీచర్లు వస్తూనే ఉన్నారు. క్లార్క్ కూడా అంతకుముందే, 1930లో, ఆ తరగతులకు వెళ్లినవారే.

జీతాల మీదా కోర్టుకెక్కారు. 1939లో వర్జీనియాలోని నార్ఫోక్‌లో కెమిస్ట్రీ టీచరు ఎలీన్ బ్లాక్ సమాన జీతం కోసం కేసు వేస్తే ఉద్యోగం ఊడింది. ఆమె స్థానంలో మెల్విన్ ఆల్‌స్టన్ నిలబడ్డారు. 1940లో అప్పీలు కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. సౌత్ కరొలైనాలో 1945లో అలాంటి తీర్పే వచ్చింది; ఆ కేసులో న్యాయవాది థర్గుడ్ మార్షల్‌కు సాయపడిన టీచర్లలో క్లార్క్ ఒకరు. వెంటనే ఆ రాష్ట్రం జీతాలను జాతీయ టీచర్ల పరీక్ష మార్కులతో ముడిపెట్టింది. చర్మం రంగు పేరెత్తకుండానే పాత తేడాను నిలుపుకోవచ్చని వాళ్ల లెక్క. పగలు పాఠాలు చెబుతూ 1942లో బి.ఎ., 1946లో హాంప్టన్‌లో ఎం.ఎ. చేసిన క్లార్క్ లాంటివాళ్లు ఆ పరీక్షా నెగ్గారు.

1948లో ఓక్లహోమాలో జార్జ్ మెక్‌లారిన్ వంతు వచ్చింది. అప్పటికే మాస్టర్స్ డిగ్రీ ఉన్న ఆ నల్లజాతి అధ్యాపకుడు విద్యలో డాక్టరేట్ చేస్తానన్నారు. రెండు జాతులకూ కలిపి పాఠం చెప్పడమూ వినడమూ ఆ రాష్ట్రంలో నేరం. కోర్టు జోక్యం చేసుకున్నాక చేర్చుకోక తప్పలేదు. కానీ ఆయన బల్లను తరగతి పక్కనున్న చిన్నగదిలో వేశారు. లైబ్రరీలో మామూలు పఠన మందిరంలోకి రాకూడదు. పైన మెజనైన్‌లో విడిగా ఒక బల్ల. క్యాంటీన్‌లో వేరే వేళకు, వేరే బల్ల దగ్గర తినాలి. కొంతకాలానికి తరగతిలోకి రానిచ్చారు, చుట్టూ కంచెకట్టి, నల్లవారికి ప్రత్యేకం అని బోర్డు పెట్టి.

1950 జూన్ 5న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దీన్ని కొట్టేసింది. తోటి విద్యార్థులతో చర్చించలేకపోతే ఆయన తన వృత్తిని నేర్చుకోలేరని ప్రధాన న్యాయమూర్తి విన్సన్ రాశారు. ఇంకొక అడుగు ముందుకేసి, ఈయన రేపు ఇతరులకు నేర్పబోయే మనిషి, ఈయన చదువు కుంటుపడితే ఈయన దగ్గర నేర్చుకునేవాళ్ల చదువూ కుంటుపడుతుందన్నారు. ఒక టీచరు చదువు విలువ ఎక్కడిదాకా పాకుతుందో అంత సూటిగా చెప్పిన తీర్పులు అరుదు. నాలుగేళ్ల తర్వాత బడుల్లో జాతుల వేర్పాటును రద్దుచేసిన బ్రౌన్ తీర్పు మెక్‌లారిన్ కేసును ఆధారంగా చూపింది.

ఆ విజయానికి మూల్యం చెల్లించింది కూడా టీచర్లే. బడులు కలిసినచోట నల్లవాళ్ల బడులను మూసేసి, వాటి హెడ్మాస్టర్లనూ టీచర్లనూ వేల సంఖ్యలో ఇంటికి పంపారు. ఉత్తరాదికి వెళ్లి మాస్టర్స్ డిగ్రీలు తెచ్చుకున్నవాళ్లు వాళ్లలో ఎందరో. సెప్టిమా క్లార్క్‌ను 1956లో తొలగించిన కారణం వేరు: పౌరహక్కుల సంఘమైన ఎన్‌ఏఏసీపీలో సభ్యత్వం వదులుకోనన్నారు. నలభై ఏళ్ల సర్వీసు, పింఛనుతో సహా పోయింది. 1957 జనవరిలో జాన్స్ ఐలండ్‌లో ఆమె సాయంతో మొదలైన రాత్రిబడి పెద్దవాళ్లకు ఓటరుగా నమోదు కావడానికి కావలసిన చదువు నేర్పింది. దానికి టీచరుగా బెర్నీస్ రాబిన్సన్ అనే బ్యూటీషియన్‌ను ఎంచుకున్నారు. శిక్షణ పొందిన టీచర్లకుండే అలవాట్లు ఆమెకు లేకపోవడమే కావలసి వచ్చింది. అలాంటి బడులు దక్షిణాది అంతటా వెలిశాయి. క్లార్క్ పింఛను 1976లో తిరిగొచ్చింది. తనను తీసేసిన చార్ల్‌స్టన్‌లోనే ఆమె స్కూలు బోర్డుకు ఎన్నికై రెండు విడతలు పనిచేశారు.