బాస్ చేపల పోటీ
బాస్ చేపల పోటీ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని సరస్సులు, జలాశయాలపై గాలపు వేట క్లబ్బులు నిర్వహించే పోటీ. 1967లో ఆర్కాన్సా రాష్ట్రంలోని బీవర్ సరస్సుపై రే స్కాట్ జరిపిన పోటీ నేటి పద్ధతికి నాంది పలికింది.

'''నియమాలు:''' పడవలు ఉదయం వరుసక్రమంలో బయలుదేరుతాయి. సాధారణంగా కృత్రిమ ఎరలనే అనుమతిస్తారు. నిర్ణీత పొడవుకు తక్కువైన చేపను వెంటనే నీటిలో వదలాలి. మిగిలినవాటిని పడవలోని నీటితొట్టెలో ప్రాణంతో ఉంచి, గడువులోగా తూకానికి తేవాలి. పరిమితి సాధారణంగా ఐదు చేపలు. మొత్తం బరువు ఎక్కువగా ఉన్నవారే విజేత.

'''చేపల సంరక్షణ:''' ఆలస్యానికి, చనిపోయిన చేపకు బరువులో కోత విధిస్తారు. తూకం తరువాత చేపలను తిరిగి నీటిలో వదులుతారు. అయినను వేసవిలో వేడి నీటిలో ప్రాణవాయువు తగ్గుట వలన వదలిన చేపలలో కొన్ని తరువాత మరణిస్తాయి. అందుచేత కొన్ని పోటీలలో పొడవు కొలిచి, పట్టినచోటనే వదిలివేస్తారు.