పెద్దల భయాలు, పిల్లల మళ్లు

మా కాలిఫోర్నియాలో చాలా ప్రాథమిక పాఠశాలల వెనక చెక్కలతో గట్లు కట్టిన నాలుగైదు మళ్లు కనిపిస్తాయి. రెండో తరగతి పిల్లలు చిక్కుడు గింజ నాటి, మొలక ఎత్తును వారం వారం స్కేలుతో కొలిచి, గళ్ల కాగితం మీద గీత గీస్తారు. లెక్కలూ అక్కడే, సైన్సూ అక్కడే. మన ఊళ్ల నుంచి వచ్చే అమ్మలూ నాన్నలూ చూసి ముచ్చటపడతారు. ముచ్చటే, కాదనను. కానీ దీని వెనక చరిత్ర అంత ముచ్చటైనది కాదు. పెద్దలకు ఏదో ఒక భయం పట్టుకున్నప్పుడల్లా ఈ దేశంలో బడితోట మొలిచింది, భయం తీరాక ఎండిపోయింది.

మొదటి తోటకు మాత్రం ఆ మచ్చ లేదు. 1891లో బోస్టన్‌లోని రాక్స్‌బరీలో, జార్జ్ పట్నం స్కూలు పెద్ద పంతులు హెన్రీ లింకన్ క్లాప్ పిల్లల చేత అడవిపూల మొక్కలు, ఫెర్న్‌లు పెంచాడు. అందులో కూరకు పనికొచ్చేదేమీ లేదు. చూడటం నేర్పే తోట అది.

పదేళ్లు తిరిగేసరికి న్యూయార్క్ వలస కుటుంబాలతో కిక్కిరిసింది. వీళ్లు అమెరికన్లవుతారా అన్న బెంగ పాతకాపులకు పట్టుకుంది. 1902లో ఫానీ గ్రిస్కమ్ పార్సన్స్ అనే ఆవిడ డివిట్ క్లింటన్ పార్కులో పిల్లల పొలం మొదలుపెట్టి, ఒక్కొక్కరికి చిన్న మడి పంచింది. తన ఉద్దేశం నాలుగు కూరగాయలు పండించడం కాదని, పొదుపు, నిజాయితీ, శ్రమ గౌరవం, ఉమ్మడి ఆస్తి మీద శ్రద్ధ నేర్పడమని ఆవిడే రాసింది. నేనూ వలస వచ్చినవాణ్నే కాబట్టి ఇది చదివితే కాస్త ఒళ్లు మండుతుంది. అయినా ఇరుకు గదుల పిల్లలకు కాళ్ల కింద మట్టి దొరికింది, అదీ నిజమే.

ఇంతకన్నా చేదు సంగతి ఇంకొకటి ఉంది. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో మొదలైన ఆశ్రమ బడిలోనూ, దాని తరహా బడులలోనూ ఆదివాసీ తెగల పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా ఉంచి, సగం పూట చదువు, సగం పూట చాకిరీ చేయించారు. మగపిల్లలు పొలాల్లో దిగారు. వ్యవసాయం నేర్పుతున్నామన్నారు. ఎవరికి? వాళ్లలో ఎందరో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకేచోట పెంచిన జాతుల పిల్లలే! మొక్కజొన్న కర్ర చిక్కుడు తీగకు ఊతమిస్తుంది, చిక్కుడు వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు నత్రజని కూడబెడతాయి, గుమ్మడి ఆకులు నేలను కప్పి తడి ఆరనివ్వవు, కలుపును లేవనివ్వవు. ఈ పంటనే ఇవాళ ‘ముగ్గురు అక్కచెల్లెళ్ల తోట’ అని ఎన్నో బడులలో పాఠంగా నాటిస్తున్నారు. కార్లైల్ కథ కూడా ఆ మడి దగ్గరే చెబితే బాగుండును.

మొదటి ప్రపంచయుద్ధంలో భయం తిండి గురించి. ఫెడరల్ విద్యా బ్యూరో ‘స్కూల్ గార్డెన్ ఆర్మీ’ పేరుతో బడిపిల్లల సైన్యాన్నే తయారుచేసింది. వాళ్లకు హోదాలు, బ్యాడ్జీలు కూడా ఇచ్చింది. యుద్ధం ముగిసింది, డబ్బు ఆగింది, సైన్యం చెదిరిపోయింది. రెండో యుద్ధంలోనూ దాదాపు ఇదే వరస.

1995లో బర్క్‌లీలోని ఒక మాధ్యమిక పాఠశాలలో వంటల నిపుణురాలు ఆలిస్ వాటర్స్ ఎకరం తోట, దానికి జతగా వంటగది తలపెట్టింది. అదే ఏడు కాలిఫోర్నియా విద్యాధికారి డిలేన్ ఈస్టిన్ ప్రతి బడికీ తోట కావాలంది. 2009లో మిషెల్ ఒబామా వైట్‌హౌస్ పచ్చికను బ్యాంక్రాఫ్ట్ ప్రాథమిక పాఠశాల పిల్లలతో కలిసి తవ్వింది. ఈసారి భయం పిల్లల ఊబకాయం.

ఇప్పటికీ చాలాచోట్ల మళ్లను నడిపేది చందాలూ, తీరిక ఉన్న తల్లులూ. ఉత్సాహవంతురాలైన టీచరు బదిలీ అయితే రెండో ఏడు కలుపే మిగులుతుంది. పైగా టమాటాలు విరగకాసే జూలైలో ఇక్కడ బడికి సెలవులు!

ఇండియాలో మధ్యాహ్న భోజనం కోసం బడులలో తోటలు పెంచమని మన కేంద్ర ప్రభుత్వం కూడా 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. కూర కోసమే అనుకుంటే అదీ ఒక పథకంలాగే వచ్చి పోతుంది. టైంటేబుల్‌లో దానికో పీరియడ్ ఇవ్వండి, చూసుకునే పంతులుకు వేరే పని తగ్గించండి. కాలం మాత్రం మనవైపే ఉంది: మన బడులు తెరిచేది జూన్‌లో, తొలకరితో పాటే.