మదీనాగూడ: వలస, స్థానికత
హైదరాబాద్‌కు వాయవ్యాన, ముంబయి జాతీయ రహదారి మీద మియాపూర్, చందానగర్‌ల మధ్య ఉన్న నివాస ప్రాంతం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఈ వైపు రెండు వలసలు సాగాయి: సాఫ్ట్‌వేర్ ఉద్యోగులది ఒకటి, వాళ్ల అపార్ట్‌మెంట్లు కట్టిన మేస్త్రీలు, కూలీలది మరొకటి. రెండు వలసలవారూ బయటి ఊళ్లవారే, స్థానికులుగా చెల్లుబాటైంది మాత్రం ఫ్లాటు కొనగలిగినవారే. 2020 మే 1న, కోవిడ్ లాక్‌డౌన్ మధ్యలో, వలస కార్మికులను సొంతూళ్లకు చేర్చే దేశంలోని తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు సమీపంలోని లింగంపల్లి స్టేషన్ నుంచే సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. వారిలో చాలామంది కందిలో ఐఐటీ భవనాలు కడుతున్నవారు.

పని అయ్యాక వెళ్లిపోయేవారికి ఊరితో బంధమెందుకని కొందరంటారు. ఈ వాదన ఫలితాన్ని కారణమనుకుంటుంది. గుత్తేదారు వేసిన రేకుల షెడ్డులో ఉండి, సైటు మారగానే షెడ్డు మారేవారికి చిరునామా ఏర్పడేదెలా? భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదుకు ఏడాదిలో 90 రోజుల పని చాలు. కానీ చేతులు మారే ఉపగుత్తల్లో ఆ పనికి రుజువు దొరకడమే కష్టం. ‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ వచ్చాక ఆహార భద్రత కార్డున్నవారికి బియ్యం ఎక్కడైనా అందే వీలుంది, నిజమే. ఓటు మాత్రం చాలామందికి సొంతూళ్లోనే ఉండిపోతుంది. ఓటు లేని షెడ్డుకు నీళ్లు రాకపోతే అడిగే కార్పొరేటరు అరుదు.