రహీం మాస్టారి కానుక

మన నవలల్లో తెలుగు మాస్టారు ఉంటారు, లెక్కల మాస్టారు ఉంటారు, ప్రేమలో పడే ఇంగ్లీషు లెక్చరరు తప్పకుండా ఉంటాడు. డ్రిల్లు మాస్టారు మాత్రం ఎక్కడా కనిపించరు. వచ్చినా, మెడలో విజిలు వేలాడేసుకుని, నాలుగు నవ్వులు నవ్వించి వెళ్ళిపోతారు. బళ్ళోనూ అంతే కదా! పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు మొదట అప్పు పుచ్చుకునేది ఆయన పీరియడే. ఆ అప్పు తీర్చిన దాఖలా ఎక్కడా లేదు.

అలాంటి ఒక మాస్టారు మన దేశానికి రెండుసార్లు బంగారు పతకం తెచ్చిపెట్టారు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరు హైదరాబాదు.

మా తిరువూరు వైపు సాయంత్రం మైదానంలో పిల్లలు ఆడేది క్రికెట్టు, వాలీబాలు, కబడ్డీ. ఫుట్‌బాల్ అంటే ఎక్కడో కలకత్తా వాళ్ళ గొడవ అనుకుంటాం. కానీ 1950ల్లో ఆ కలకత్తా వాళ్ళకే కంటిమీద కునుకు లేకుండా చేసిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. దానికి ఆట నేర్పింది రహీం గారే. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 వరకూ వరసగా అయిదేళ్ళు హైదరాబాదుకే వచ్చింది!

ఆయన 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు, ఆ యూనివర్సిటీ జట్టులో ఆడారు. ఆ తరువాత అందరు మధ్యతరగతి చదువుకున్నవాళ్ళలాగే బడిపంతులు ఉద్యోగం చూసుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు - ఇలా సాగింది నౌకరీ. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లమా చేసి ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యి, పోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు.

ఈ మాస్టారు ఆట నేర్పిన పద్ధతి వింటే మీకూ ముచ్చటేస్తుంది. కుర్రాళ్ళకు పోటీలు పెట్టేవారు - కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితో తన్నాలి. ఎడమచేత్తో ముగ్గు పెట్టమన్నట్టు! మొదట చుక్కలన్నీ చెదిరిపోతాయి, పట్టుబట్టి నాలుగు నెలలు పెడితే రెండు చేతులూ ఒకటే అవుతాయి. ఇంకో పోటీ ఉండేది. అందులో బంతిని కాళ్ళ మధ్య ఆడించుకుంటూ సొగసులు పోవడం నిషేధం, అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ‘నేను, నేను’ అనే కుర్రాడిచేత ‘మనం’ అనిపించడానికి ఉపన్యాసం కన్నా ఇది మేలైన ఉపాయం కాదూ?

ఆయన జాతీయ జట్టుకు కోచ్ అయ్యాక 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద ఒక్క గోలు తేడాతో గెలిచి మనవాళ్ళు బంగారు పతకం పట్టుకొచ్చారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో పదికి ఒకటిగా చిత్తుగా ఓడారు. చలిదేశంలో మనవాళ్ళలో కొందరు ఉత్తకాళ్ళతో ఆడారు, పాపం! ఆ దెబ్బతోనే ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

అయితే బూట్లు ఊరికే వస్తాయా? సికింద్రాబాదు పక్క అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే కుర్రాడు ఉండేవాడు. బీద కుటుంబం. ఆట అంటే ప్రాణం, బూట్లు కొనుక్కునే స్తోమతు లేదు. పాత పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి చేత బూట్లు కుట్టించుకున్నాడు. ఆ డబ్బుకోసం తల్లి ముత్తమ్మ దగ్గర ఎంత గునిశాడో పెద్దయ్యాక తనే చెప్పుకున్నాడు. అలాంటివాడు రహీం గారి కంట్లో పడ్డాడు. హైదరాబాదు వచ్చి సెలక్షన్‌లో ఆడమంటే, రానూపోనూ ఖర్చు పెట్టుకోలేనన్నాడట. అద్దె సైకిలు మీద రా, అద్దె సంగతి నేను చూసుకుంటాను అన్నారట మాస్టారు. పెద్ద సాయమేం కాదు. కానీ ఆ సైకిలు అద్దె లేకపోతే బలరాం మెల్బోర్న్ వెళ్ళేవాడు కాదు.

మెల్బోర్న్ ఒలింపిక్స్ 1956లో. ఆంధ్రప్రదేశ్ పుట్టి సరిగ్గా నెలరోజులైంది. డిసెంబరు 1న మనవాళ్ళు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే నాలుగుకు రెండుగా ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు కొట్టాడు. ఆసియా ఖండం నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్‌కు చేరిన మొదటి జట్టు మనదే. తరువాత రెండు ఆటలూ ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారనుకోండి. అంతకన్నా పైకి మనం ఇప్పటిదాకా వెళ్ళలేదు.

1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో రహీం గారి అబ్బాయి హకీం కూడా ఉన్నాడు. ఉన్నాడన్నమాటే గానీ ఒక్క ఆటలోనూ మైదానంలోకి దిగలేదు. కొడుకును అంతదూరం తీసుకెళ్ళి బెంచీమీద కూర్చోబెట్టిన తండ్రికి ఇంటికొచ్చాక ఏ స్వాగతం దొరికిందో చరిత్ర రాసినవాళ్ళెవరూ రాయలేదు. నాకు మాత్రం గోళ్ళ లెక్కలకన్నా ఆ సంగతి తెలుసుకోవాలని ఉంటుంది.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండొనేషియా రానివ్వలేదు. అది తప్పని ఆసియా క్రీడల సంఘంలో ఉన్న మన సోంధీ గారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనానికి భారతదేశం అంటేనే మండిపోయింది. ఆ కోపమంతా ఆడుకోవడానికొచ్చిన కుర్రాళ్ళ మీద పడింది. పైగా మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. రెండో ఆట గెలిచారు గానీ, అందులో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్‌కు ఫ్లూ.

ఇంటిల్లిపాదీ మంచాన పడ్డప్పుడు ఉన్న సరుకులతోనే వంట చేసే ఇల్లాలిని తలుచుకోండి. రహీం గారు అదే చేశారు. కుట్లతో ఉన్న జర్నైల్‌ను వెనక కాపలా నుంచి తీసి ముందు వరసలో నిలబెట్టారు. సెమీఫైనల్లో అతను గోలు కొట్టాడు.

ఫైనల్ మళ్ళీ కొరియాతోనే. ముందురోజు రాత్రి కుర్రాళ్ళకు నిద్రపట్టలేదు. మాస్టారు వాళ్ళను వెంటబెట్టుకుని బయట అలా నడుస్తూ, రేపు మీ దగ్గర నాకొక కానుక కావాలి, బంగారు పతకం ఇవ్వండి అని అడిగారని ఆ ఆటగాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా చెప్పుకున్నారు. ఎన్నడూ ఎవర్నీ ఏమీ అడగని పెద్దమనిషి అడిగితే ఎట్లా ఉంటుందో మనకు తెలియనిదా?

సెప్టెంబరు 4. స్టేడియంలో లక్షమంది, మనవాళ్ళ కాలికి బంతి తగిలితే చాలు, గేలి. మనకోసం కేకలు వేసింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళట! వినడానికి ఎంత హాయిగా ఉంది! జ్వరం నుంచి తేరుకున్న తంగరాజ్ గోల్‌లో నిలబడ్డాడు. మొదట పి.కె. బెనర్జీ, వెనువెంటనే తల కుట్లతోనే జర్నైల్ - మొదటి ఇరవై నిమిషాల్లోనే రెండు గోళ్ళు. కొరియా చివర్లో ఒకటి తీర్చింది గానీ గెలుపు మనదే. ఆ పదకొండుమందిలో బలరాం, యూసుఫ్ ఖాన్ జంటనగరాల కుర్రాళ్ళే. చూనీ గోస్వామి కెప్టెన్.

ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న, రహీం గారు కేన్సరుతో పోయారు. యాభైమూడేళ్ళు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు పెట్టింది 1985లో. 1990లో అది ఫుట్‌బాల్‌లో సయ్యద్ నయీముద్దీన్‌కు వచ్చింది, ఆయనా హైదరాబాదీయే. మన ఫుట్‌బాల్ జట్టు మాత్రం రోమ్ తరువాత మళ్ళీ ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించలేదు. ఆసియా క్రీడల్లో బంగారం మళ్ళీ రాలేదు. ఎడమకాలి పోటీలు పెట్టే ఓపిక ఎవరికి ఉంది చెప్పండి?

రహీం గారి మీద ‘మైదాన్’ అని హిందీ సినిమా 2024 ఏప్రిల్‌లో వచ్చింది, అజయ్ దేవగన్ వేశాడు. అప్పటికి బెనర్జీ, గోస్వామి ఇద్దరూ 2020లో వెళ్ళిపోయారు. వైమానిక దళంలో పనిచేసి, అంతర్జాతీయ రెఫరీగా కూడా పేరు తెచ్చుకున్న కొడుకు హకీం గారు 2021 ఆగస్టులో. అద్దె సైకిలు బలరాం బెంగాల్లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో పోయాడు.