పసిపిల్లల ఆహార వైవిధ్యం

ఆరు నెలలు నిండినప్పటి నుంచి రెండేళ్లు వచ్చేదాకా బిడ్డ నోట్లోకి ఎన్ని రకాల తిండి వెళ్తోందో చెప్పే కొలత ఇది. నిన్న పగలూ రాత్రీ ఏమేం పెట్టారని తల్లిని అడుగుతారు. తల్లిపాలు; ధాన్యాలు, దుంపలు; పప్పులు, గింజలు; పాలు, పెరుగు; మాంసం, చేపలు; గుడ్లు; విటమిన్ ఎ దండిగా ఉండే కూరగాయలు, పళ్లు; మిగతా కూరగాయలు, పళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌ల లెక్కలో ఈ ఎనిమిదిలో ఐదు ఉంటే చాలు. ఎంత తిన్నాడని అడగరు.

ఒక పూట పప్పన్నం, ఒక పూట పెరుగన్నం తిని, తల్లిపాలు తాగే పిల్లాడిని చూడండి. ధాన్యం, పప్పు, పెరుగు, తల్లిపాలు: నాలుగు. మీద వేసిన నెయ్యి లెక్కలోకి రాదు. అదే అన్నంలో ఉడికిన గుమ్మడి ముక్క మెదిపితే ఐదు.

ఆ ఒక్క ముక్క దగ్గరే కథ తేలిపోతోంది. తల్లిపాలను కలపకుండా ఏడింట నాలుగు చాలన్న పాత లెక్కతో 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలోనే దేశంలో గట్టెక్కిన పిల్లలు 21 శాతం. రకాలతో పాటు రోజుకు ఎన్నిసార్లు పెట్టారన్నదీ చూస్తే 6.4 శాతం. ఈ రెండో లెక్కలో సిక్కింది 35.9, ఆంధ్రప్రదేశ్‌ది 1.3. దేశంలో అట్టడుగు! అన్నపూర్ణ అన్న పేరున్న రాష్ట్రమిది.

పేదరికం ఒక కారణం. అదొక్కటే అయితే కలిగిన ఇళ్లలో ఈ లోటు ఉండకూడదు, కానీ ఉంది. గుడ్డు అరగదని, అరటిపండు జలుబు చేస్తుందని, పళ్లు రాకుండా మాంసం ఏమిటని పెద్దవాళ్లు ఆపేస్తారు. అన్నప్రాశన ఘనంగా జరుగుతుంది. మర్నాటి నుంచి మళ్లీ పాలే. పత్తి ఏరడానికి పోయే తల్లి పొద్దున్నే వండిపెట్టి వెళ్తే, నానమ్మ చేతికి తేలిగ్గా అందేది బిస్కెట్ పొట్లం.

చెప్పే మనిషి ఉంటే మార్పు వస్తుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చూపించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 60 పల్లెల్లో చేసిన ఆ అధ్యయనం 2013లో అచ్చయింది. ఏం పెట్టాలో ఇంటికెళ్లి తల్లులకు చెప్పినచోట పిల్లల తిండి మెరుగుపడింది. బిడ్డ ఆకలి సైగలు కనిపెట్టి, మాటలాడుతూ, ఆడిస్తూ తినిపించడం కూడా నేర్పినచోట మానసిక ఎదుగుదలా మెరుగైంది.

చెప్పడమే కాదు, ఇచ్చే ఏర్పాటూ ఉంది. తెలంగాణ అంగన్‌వాడీల్లో మూడేళ్లలోపు బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం అనే పోషకాహార పొడి ఇస్తారు. రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులకు అది సరిపోతుంది, అక్కయ్యా అన్నయ్యా చేయి పెట్టకపోతే.