నింద ఎప్పుడు నేరమవుతుంది?

తెలుగులో కోపానికి ఎన్ని మెట్లున్నాయో మీరెప్పుడైనా గమనించారా? బిడ్డను మందలిస్తాం. స్నేహితుణ్ణి దెప్పుతాం. గిట్టనివారిని ఆడిపోసుకుంటాం. పాలకులను విమర్శిస్తాం. ఏ మాట ఎక్కడ వాడాలో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. కాని ఈ తేడాలను న్యాయస్థానం తేల్చవలసి వస్తే? మన దేశంలో అలా తేల్చడం మీద మనుషుల స్వేచ్ఛ ఆధారపడిన చరిత్ర ఉంది.

1860 నాటి భారత శిక్షాస్మృతిలో 1870లో 124-ఎ సెక్షన్‌ను చేర్చారు. ప్రభుత్వం పట్ల ‘అప్రీతి’ని రేకెత్తించడం నేరమని దాని సారాంశం. మరి అప్రీతి అంటే ఏమిటి? 1891లో కలకత్తా పత్రిక ‘బంగబాసి’పై విచారణలో ప్రధాన న్యాయమూర్తి పెథరామ్ ఒక తేడా చూపారు. ఒకరి అభిప్రాయాన్ని కాదనడం వేరు, ఆ మనిషి మీదే విరోధం పెంచుకోవడం వేరు అన్నారు. 1897లో బొంబాయిలో తిలక్ విచారణ జరిగినప్పుడు జస్టిస్ స్ట్రేచీ అప్రీతి అంటే ప్రీతి లేకపోవడమేనన్నారు. తిలక్‌కు 18 నెలల శిక్ష పడింది.

1908లో తిలక్ మళ్లీ బోనెక్కారు. ఈసారి వివాదం అనువాదం చుట్టూ తిరిగింది. ‘కేసరి’ వ్యాసాలు మరాఠీలో ఉన్నాయి. జ్యూరీలో ఏడుగురు యూరోపియన్లు, ఇద్దరు పార్సీలు. ఆంగ్లానువాదం తన మాటలకు లేని కాఠిన్యాన్ని అంటగట్టిందని తిలక్ వాదించారు. ఏడుగురు దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆరేళ్ల శిక్షతో ఆయనను మాండలే పంపారు. అదే ఏడాది బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలోని రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుపాలయ్యారు.

1922లో అహ్మదాబాదులో గాంధీజీ వేరే దారి పట్టారు. నేరాన్ని ఒప్పుకుంటూనే, ప్రీతిని చట్టంతో పుట్టించలేరని చెప్పారు. ఆయనకూ ఆరేళ్ల శిక్షే విధించారు.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆ సెక్షన్ నిలిచింది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూనే హద్దు గీసింది: ఎంత పరుషమైన విమర్శ అయినా హింసకు, అశాంతికి పురికొల్పనంతవరకు రాజద్రోహం కాదు. 2022 మేలో అదే న్యాయస్థానం ఆ సెక్షన్ అమలును నిలిపివేసింది. 2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో రాజద్రోహమన్న మాట లేదు. దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ముప్పు కలిగించే చర్యల గురించి 152వ సెక్షన్ ఉంది.

సెక్షన్ సంఖ్య మారినా పాత ప్రశ్న మిగిలే ఉంది. మందలింపుకూ ద్వేషానికీ మధ్య గీత ఎక్కడ? ఇంట్లో మనం ఇట్టే పోల్చుకునే ఆ గీతను చట్టం గుర్తుపట్టడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు జైళ్లలో గడిపారని మనం మరచిపోకూడదు.