నెమో ఎవరు? – జూల్స్ వెర్న్ నవలల అన్వయ చరిత్రలో అనువాదాల పాత్ర

ఒక నవలను పాఠకుడు అన్వయించుకొనే తీరును అతని అభిరుచి, కాలం, సామాజిక నేపథ్యం నిర్ణయిస్తాయని సాహిత్య విమర్శ సాధారణంగా భావిస్తుంది. వీటన్నిటికంటే ముందు పరిశీలించవలసిన అంశం మరొకటి ఉంది. అది పాఠకుని చేతికి అందిన పాఠం. మూలంలో ఉన్నది అతనికి అందకపోతే, అతని అభిప్రాయం ఎంత నిజాయతీ గలదైనా ఆ నవల గురించినది కాదు. దాని స్థానంలో నిలిచిన మరొక గ్రంథం గురించినది. వైజ్ఞానిక కాల్పనిక సాహిత్యంలో ఇందుకు ప్రబలమైన నిదర్శనం ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ (1828–1905) సృష్టించిన కెప్టెన్ నెమో. ఈ పాత్ర అన్వయ చరిత్ర భారతీయ పాఠకులకు ప్రత్యేకంగా సంబంధించినది. వెర్న్ చివరకు నెమోను 1857 తిరుగుబాటులో పోరాడిన భారతీయ రాకుమారునిగా ప్రకటించాడు.

'సముద్రాల కింద ఇరవై వేల లీగులు' నవల 1869 మార్చి నుంచి 1870 జూన్ వరకు పారిస్‌లో హెట్జెల్ పత్రికలో ధారావాహికంగా వెలువడింది. లాటిన్‌లో 'నెమో' అంటే 'ఎవరూ కాదు' అని అర్థం. వెర్న్ మొదట ఇతన్ని పోలండ్ కులీనునిగా ఊహించాడు. 1863లో రష్యాపై చెలరేగిన పోలిష్ తిరుగుబాటులో కుటుంబాన్ని పోగొట్టుకున్నవాడు ప్రతీకారానికి పూనుకోవడం ఆ ఊహకు మూలం. రష్యాలో తన పుస్తకాల అమ్మకం గురించి ఆందోళన గల ప్రచురణకర్త హెట్జెల్ ఇందుకు ఒప్పుకోలేదు. బానిస వ్యాపారుల శత్రువుగా నెమోను మలచమని ఆయన చేసిన సూచనను వెర్న్ అంగీకరించలేదు. ఫలితంగా నెమో దేశం, గతం నవలలో చెప్పకుండానే మిగిలిపోయాయి. విమర్శకులు తరచు కథన వ్యూహంగా ప్రశంసించే ఈ మౌనం, కొంతవరకు రచయితకూ ప్రచురణకర్తకూ మధ్య కుదిరిన రాజీ ఫలితం.

అయితే ఆ మౌనం సంపూర్ణం కాదు. నాటిలస్ నౌకలో నెమో గది గోడలపై పోలండ్ యోధుడు కోషియుష్కో, గ్రీకు వీరుడు బొత్సారిస్, ఐర్లండ్ నాయకుడు ఓకానెల్, వాషింగ్టన్, లింకన్, జాన్ బ్రౌన్ మొదలైనవారి చిత్రాలుంటాయి. సింహళ తీరంలో ముత్యాలు ఏరే ఒక నిరుపేద భారతీయుణ్ణి నెమో సొరచేప బారినుంచి కాపాడి, ముత్యాల సంచీ ఇచ్చి పంపుతాడు. కారణమడిగితే, ఆ వ్యక్తి పీడితుల దేశానికి చెందినవాడనీ, తుదిశ్వాస వరకు తనదీ ఆ దేశమేననీ అంటాడు. ఫ్రెంచి మూలంలో ఉన్నది 'పీడితుల దేశం'. తొలి ఆంగ్లానువాదంలో అది 'పీడిత దేశం' అయింది. మొదటిది పటంలో కనిపించని, పీడితులందరికీ చెందిన దేశం. రెండవది పరపాలనలో ఉన్న ఒకానొక భూభాగం. సమాసంలో వచ్చిన ఈ చిన్న మార్పుతో విశ్వజనీనమైన ప్రకటన ఒక దేశానికి పరిమితమైంది.

1874–75లలో వెలువడిన 'రహస్య ద్వీపం' నవలలో వెర్న్ ఆ ముసుగు తొలగించాడు. నెమో అసలు పేరు డక్కర్. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడి వరుస. యూరప్‌లో చదివి 1849లో స్వదేశం చేరాడు. 1857 పోరాటానికి ప్రాణమై నిలిచి, భార్యాబిడ్డలను పోగొట్టుకొని సముద్రాన్ని ఆశ్రయించాడు. చరిత్ర దృష్టితో చూస్తే ఈ వంశవృక్షం అసంగతం. మైసూరు పాలకుడైన టిప్పుకూ బుందేల్‌ఖండ్ రాజవంశానికీ బంధుత్వం కలపడానికి ఆధారం లేదు. రెండు నవలల కాలక్రమం కూడా పొసగదు. కాని వెర్న్‌కు కావలసింది వంశ చరిత్ర కాదు. దక్షిణాదిలో 1799లో నేలకొరిగిన ప్రతిఘటననూ, ఉత్తరాదిలో 1857లో రగిలిన ప్రతిఘటననూ ఒకే వ్యక్తిలో సంధించే ప్రతీక. ఈ దృష్టితో చదివితే అసంగతికి కూడా అర్థం ఏర్పడుతుంది.

ఆంగ్ల పాఠకులకు ఈ రెండు నవలలూ అందిన తీరు వేరు. మొదటి నవలను ఆంగ్లికన్ మతాచార్యుడు లూయీస్ మెర్సియర్ అనువదించాడు. 1872 చివర లండన్‌లో వెలువడిన ఆ అనువాదంలో మూలంలోని ఐదవ వంతుకు పైగా లోపించింది. అనువాద దోషాలకూ కొదవ లేదు. 'బ్యాడ్‌లాండ్స్' అనే పేరు గల నెబ్రాస్కా ప్రాంతం అందులో 'అప్రియమైన' ప్రాంతమైంది. 'రహస్య ద్వీపం' 1875లో బాలల నవలాకారుడు డబ్ల్యు. హెచ్. జి. కింగ్‌స్టన్ పేర వచ్చింది. ఆ పని చేసింది ఆయన భార్య ఆగ్నెస్ అని తరువాతి పరిశోధకులు గుర్తించారు. ఇందులో జరిగింది కేవలం తొలగింపు కాదు, తారుమారు. 1857ను గురించిన ఘట్టంలో, ఆంగ్లేయులు భారతదేశాన్ని అరాజకం నుంచి తప్పించి శాంతిసౌభాగ్యాలు కలిగించారనీ, అజ్ఞానులైన ప్రజలు స్వార్థపరులైన రాజుల చేతిలో పనిముట్లయ్యారనీ చెప్పే వాక్యాలు చేరాయి. వెర్న్ రాయనివి వెర్న్ పేర ప్రచారమయ్యాయి.

దీని ప్రభావం దీర్ఘకాలం నిలిచింది. ఆంగ్ల లోకంలో వెర్న్ యంత్రాల వర్ణనలు గల బాలల సాహస కథకుడుగా స్థిరపడ్డాడు. ఫ్రాన్స్‌లో మాత్రం 1957లో రోలాఁ బార్త్ నాటిలస్‌ను బయటి ప్రపంచానికి తలుపులు మూసుకొన్న భద్రమైన గృహంగా వ్యాఖ్యానించాడు. 1966లో పియర్ మాషెరే వెర్న్ రచనలలో భావజాల వైరుధ్యాలను పరిశీలించాడు. ఒకే రచయిత ఒక భాషలో గంభీర విమర్శకు వస్తువు, మరొక భాషలో పిల్లల అలమరలోని బొమ్మల పుస్తకం. 1965లో వాల్టర్ జేమ్స్ మిల్లర్ అమెరికాలో మెర్సియర్ అనువాదపు లోపాలను బయటపెట్టిన తరువాతనే ఈ అంతరానికి గల కారణం విస్తృతంగా తెలిసింది. 2001లో సిడ్నీ క్రావిట్జ్ చేసిన సంపూర్ణానువాదం 'రహస్య ద్వీపం'లోని డక్కర్‌కు అతని మాటలు తిరిగి ఇచ్చింది.

ఇంత చెప్పినంత మాత్రాన వెర్న్‌ను సామ్రాజ్య వ్యతిరేక రచయితగా ప్రతిష్ఠించడం తగదు. 'రహస్య ద్వీపం' మూలంలోనే ఇంజనీరు సైరస్ స్మిత్, నెమో గతాన్ని పునరుజ్జీవింపజేయగలనని భ్రమించి అనివార్యమైన ప్రగతితో పోరాడాడని తీర్పు చెబుతాడు. 1880లో వచ్చిన 'ఆవిరి గృహం' నవలలో నానాసాహెబ్ ప్రతినాయకుడు. కథ ఆంగ్లేయ సైనికాధికారి మన్రో పక్షాన నడుస్తుంది. మెర్సియర్, కింగ్‌స్టన్‌ల పాఠాలు చెరిపివేసింది ఏకైక సత్యాన్ని కాదు, మూలంలో ఉన్న ఈ సంఘర్షణనే. సంఘర్షణ లేని పాఠంలో పాఠకునికి వ్యాఖ్యానించవలసినది ఏమీ మిగలదు.

తెలుగు అధ్యయనాలకు ఈ ఉదంతం నుంచి గ్రహించదగిన సూత్రం ఒకటి ఉంది. పాశ్చాత్య నవలలు తెలుగులోకి అధికంగా ఆంగ్లం మీదుగా వచ్చాయి. అటువంటి అనువాదాన్ని తులనాత్మకంగా పరిశీలించేవారు మూల రచయితనూ తెలుగు అనువాదకునీ మాత్రమే పక్కపక్కన నిలిపితే చాలదు. మధ్యవర్తి పాఠం ఏదో, ఏ సంవత్సరం ముద్రణో ముందుగా నిర్ధారించాలి. తెలుగు పాఠంలో ఒక ఘట్టం లేకపోతే అది తెలుగు అనువాదకుని స్వేచ్ఛా, ఆంగ్లానువాదకుని కత్తెరా అన్నది ఆ నిర్ధారణ తరువాతనే తేలుతుంది. ఆ పని జరగనంత వరకు కింగ్‌స్టన్‌ల వంటి వారు చేర్చిన వాక్యాలకు వెర్న్ వంటి వారు బాధ్యులవుతూనే ఉంటారు.